పాత వ్యానులో సెంట్రల్ లాకింగ్ మొరాయిస్తుంటే మోటార్లు మార్చే ముందు చూడవలసినవి

డ్రైవరు తలుపుకు తాళంచెవి తిప్పితే అన్ని తలుపులూ లాక్ పడాల్సింది పోయి ఆ ఒక్క తలుపే లాక్ పడుతోందని, మిగిలినవి ఒకరోజు పడి మరొకరోజు పడటం లేదని, గతుకుల్లో వెళ్తున్నప్పుడు ఒక్కోసారి వాటంతటవే పడిపోతున్నాయని మీరు రాశారు. దుకాణంవారు నాలుగు లాక్ మోటార్లూ మార్చాలన్నారని కూడా రాశారు. అందుకు అప్పుడే ఒప్పుకోకండి. పాత బండిలో ఒక మోటారు పోవడం మామూలే గాని, అన్నీ ఒకేసారి, అదీ వచ్చిపోయే రకంగా పాడవడం చాలా అరుదు.

విశాఖపట్నం లాసన్స్ బే కాలనీలో సముద్రానికి దగ్గరగా ఆరుబయట నిలిపే మా ఏడు సీట్ల డీజిల్ వ్యానుకు సరిగ్గా ఇదే జబ్బు వచ్చింది. తప్పు చివరకు డ్రైవరు తలుపు కీలు దగ్గర దొరికింది. తలుపుకూ బాడీకీ మధ్య ముడతల రబ్బరు గొట్టం ఒకటి ఉంటుంది. తలుపులోని స్విచ్చులకు, మోటారుకు, స్పీకరుకు వెళ్ళే వైర్లన్నీ దాని గుండానే వెళ్తాయి. తలుపు తీసి వేసిన ప్రతిసారీ అవి అదే చోట వంగుతాయి కాబట్టి ఏళ్ళు గడిచేసరికి పైతొడుగు పగిలిపోతుంది, ఆ పగుళ్ళలోకి మన ఉప్పుగాలి చేరితే రాగి ఎంతో కాలం నిలవదు. గొట్టాన్ని బాడీ వైపు నుంచి ఊడదీసి వెనక్కి జరిపితే, ఒక వైరు పచ్చగా చిలుము పట్టి రెండు మూడు పోగుల మీద వేలాడుతూ కనిపించింది. గోటితో తాకగానే ఆ పోగులు పొడిగా రాలాయి.

ఒక్క వైరుతో అన్ని తలుపులూ ఎందుకు దెబ్బతింటాయంటే, చాలా పాత బండ్లలో డ్రైవరు తలుపే మిగిలిన తలుపులకు ఆజ్ఞ ఇస్తుంది. అందులోని స్విచ్చు నుంచి సంకేతం డ్యాష్‌బోర్డు కింద ఉండే రిలేకు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చుకు) లేదా కంట్రోల్ పెట్టెకు చేరి, అక్కడి నుంచి తక్కిన మోటార్లకు కరెంటు వెళ్తుంది. ఆ సంకేతపు వైరు తెగితే తక్కిన తలుపులు కదలవు. తొడుగు పోయి బాడీకి తగిలితే ఎవరూ నొక్కకుండానే లాక్ పడతాయి. మీరు చెప్పిన రెండు లక్షణాలూ దీనికి సరిపోతున్నాయి.

మీ బండికి రిమోట్ ఉంటే ముందు దానితో నొక్కి చూడండి. అన్ని తలుపులూ గట్టిగా పడితే మోటార్ల ఊసే ఎత్తనక్కరలేదు. ఆ తర్వాత ఒకరిని లోపల కూర్చోబెట్టి స్విచ్చు నొక్కిస్తూ, మీరు డ్రైవరు తలుపును నెమ్మదిగా తెరుస్తూ మూస్తూ ఉండండి. ఒక కోణంలో పనిచేసి మరో కోణంలో ఆగిపోతే తప్పు ఆ గొట్టంలోనే ఉన్నట్టు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు పడి, ఆపినప్పుడు పడకపోతే మాత్రం దారి వేరు: ఇంజిన్ నడిచేటప్పుడు సుమారు 14 వోల్టులు, ఆపినప్పుడు 12 చిల్లర ఉంటాయి కనుక బ్యాటరీ బలహీనపడిందో, ఎర్తు (మైనస్ వైరు బాడీకి బిగించే చోటు) దగ్గర తుప్పు పట్టిందో చూడాలి. ఫ్యూజు సంగతి నిమిషంలో తేలిపోతుంది.

అప్పటికీ ఏదో ఒక తలుపు మీదే అనుమానం మిగిలితే దాని డోర్ ప్యాడ్ (తలుపు లోపలి వైపు అట్ట) విప్పి, మోటారు కనెక్టరు ఊడదీసి, మోటారుకు వెళ్ళే రెండు వైర్లకు ఫ్యూజు ఉన్న తీగతో బ్యాటరీ నుంచి నేరుగా 12 వోల్టులు తగిలించండి. తాకించి వెంటనే తీసేయాలి, పట్టుకుని ఉంచితే మోటారు కాలిపోతుంది. ప్లస్, మైనస్ తారుమారు చేస్తే లాక్ తెరుచుకోవాలి. గిర్రుమని తిరుగుతూ లాక్ కదలకపోతే లోపలి ప్లాస్టిక్ పళ్ళు అరిగినట్టే. అప్పుడు ఆ ఒక్క మోటారు మారిస్తే చాలు.

ప్యాడ్ వెనుక అతికించి ఉన్న ప్లాస్టిక్ షీటును జాగ్రత్తగా తీసి, అలాగే తిరిగి అతికించమనండి. దాన్ని చింపి పారేసే మెకానిక్కులు ఎందరో ఉన్నారు. అద్దం పక్క నుంచి తలుపులోకి దిగిన వాన నీరు లోపలి వైపుకు రాకుండా ఆపేది ఆ షీటే, ఆ నీరు బయటికి పోయేది తలుపు అడుగు అంచున ఉండే చిన్న రంధ్రాల గుండా. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వానకు నిలువునా తడిసిన మా బండిలో ఆ రంధ్రాలు మట్టితో మూసుకుపోయి ఉన్నాయి. ఒక పుల్లతో పొడిస్తే తెరుచుకుంటాయి.

తెగిన వైరును గొట్టం లోపలే మెలిపెట్టి టేపు చుట్టే పనికి ఒప్పుకోవద్దు, టంకం పెట్టినా వంగే చోట మళ్ళీ విరుగుతుంది. పాడైన భాగాన్ని పూర్తిగా కోసి, సన్న పోగులున్న మెత్తటి కొత్త వైరును కాస్త వదులుగా వేసి, అతుకులు రెండూ గొట్టానికి బయట పడేలా చేయించాలి. గాజువాక ఆటోనగర్‌లో లాక్ మోటార్లు అమ్మే దుకాణానికి కాకుండా వైరింగ్ పని మాత్రమే చేసే ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్ళండి. పని పూర్తయ్యేదాకా వెనుక సీట్లో పిల్లలను కూర్చోబెడితే చైల్డ్ లాక్ (వెనుక తలుపు లోపలి నుంచి తెరుచుకోకుండా ఆపే మీట) తీసి ఉంచి, లోపలి నాబ్ చేత్తో ఎత్తితే తలుపు వస్తోందో లేదో బయలుదేరే ముందే చూసుకోండి.