హైబ్రిడ్ ఆనప గింజ దాచి వేస్తే కాయలు తేడాగా వస్తున్నాయి, సొంతంగా హైబ్రిడ్ చేసుకోవచ్చా?

కొన్న హైబ్రిడ్ ఆనపకాయల్లోంచి గింజలు తీసి దాచి ఈ ఏడు వేస్తే, ఒక పాదుకి పొడుగు కాయ, పక్క పాదుకి బుర్రకాయ వచ్చి దిగుబడి పడిపోయింది, గింజ పాడైందా అని అడిగారు. పాడవలేదండి. హైబ్రిడ్ అంటే రెండు వేరు వేరు శుద్ధ రకాలకి పుట్టిన మొదటి తరం, రెండో తరంలో ఆ గుణాలు విడిపోయి ఏ తీగ దారి దానిదే అవుతుంది. గుణుపూర్ దగ్గర వంశధార ఒడ్డున మాకూ ఇదే జరిగింది. అరెకరం పందిరి మీద ఒక్క సైజు కాయలు ఒక బుట్టెడు ఏరలేకపోయాం, సంతలో కలగలుపు సరుకని ధర తగ్గించేశారు.

సొంతంగా చేసుకోవచ్చా అంటే, తప్పకుండా చేసుకోవచ్చు. వంగ, టమాటాల్లోలాగా పువ్వు విప్పి కేసరాలు గిల్లే పని ఆనపలో లేదు, ఒకే తీగ మీద ఆడ పువ్వు, మగ పువ్వు విడిగా ఉంటాయి. ఆడ పువ్వు కింద నూగుతో చిన్న పిందె కనిపిస్తుంది, మగ పువ్వుకి సన్నటి పొడుగు కాడ మాత్రమే. మన దేశంలో తొలి ఆనప హైబ్రిడ్లు పూసా మేఘదూత్, పూసా మంజరి 1971లోనే ఢిల్లీలోని పూసా వ్యవసాయ పరిశోధన సంస్థ నుంచి వచ్చాయి, మొదటిది పొడుగు కాయ, రెండోది గుండ్రటిది.

నేను మొదటి ఏడు ఎక్కడ దెబ్బతిన్నానో చెప్తాను. కాకర పువ్వు తెల్లవారుజామున విచ్చుకుంటుంది కదా, ఆనప కూడా అంతే అనుకుని రోజూ పొద్దున్నే వెళ్ళి మగ పువ్వు కోసి రుద్దేవాణ్ణి. వారం పది రోజుల్లో పిందెలన్నీ పసుపెక్కి రాలిపోయాయి. మా పెద్దమ్మ పందిరి కిందకొచ్చి చూసి, "ఆనప్పువ్వు సందేళ విచ్చుకుంటాదిరా బాబూ, తెల్లారి వచ్చి ఏటి చేస్తావు?" అంది. నిజమే, ఆ తెల్ల పువ్వు దీపాలు పెట్టే వేళకి విచ్చుకుంటుంది, రాత్రి పురుగులు దాని మీద వాలతాయి, పొద్దెక్కేసరికి వాడిపోతుంది. బీర కూడా సాయంత్రమే.

అందుకని ఇప్పుడు మధ్యాహ్నం మూడింటికే తల్లి రకం (కాయ కాసేది) మీద ఆ సాయంత్రం విచ్చుకోబోయే ఆడ మొగ్గకి, తండ్రి రకం (పుప్పొడి ఇచ్చేది) మీది మగ మొగ్గకి బటర్ పేపర్ సంచి తొడుగుతాను. చీకటి పడేటప్పుడు టార్చి పట్టుకుని మగ పువ్వు కోసి, రేకులు వెనక్కి మడిచి, పుప్పొడి ఆడ పువ్వు మధ్యన మెల్లగా అద్ది, మళ్ళీ సంచి కట్టి, కాడకి ఎర్ర దారం ముడేస్తాను. సంచి రెండు మూడు రోజులు ఉంచాలి. తీగకి ఇలాంటివి రెండు మూడు కాయలే ఉంచి మిగతా పిందెలు తీసేయండి, లేకపోతే గింజ నిండదు. రెండు నెలలకి కాయ గట్టిపడి, ఊపితే గింజలు గలగలమంటాయి, అప్పుడు కోయాలి.

అసలు ఓపిక కావలసింది దీనికి ముందు. తల్లి రకాన్నీ, తండ్రి రకాన్నీ విడివిడిగా ఐదారు తరాలు శుద్ధి చేయాలి, అంటే ఏ తీగ మగ పువ్వు ఆ తీగ ఆడ పువ్వుకే అద్ది, కింది కణుపుల్లోనే ఆడ పువ్వు పెట్టే తీగలనే ఎంచుకుంటూ పోవాలి. ఏడాదికి రెండు పంటలు వేస్తే మూడేళ్ళు. నేను తల్లిగా మా ఊరి గుండ్రటి నాటు ఆనపనే పెట్టుకున్నాను, మన నేలకీ ఎండకీ అలవాటుపడిన రకాన్ని వదలడం నాకు ఇష్టం లేదు. ఏ జత కలిపినా దిగుబడి పెరుగుతుందని లేదు, నాలుగైదు జతలు చేసి, తల్లినీ తండ్రినీ కొన్న హైబ్రిడ్‌నీ పక్కపక్కనే వేసి కాయలు తూచి చూడండి.

ఇంకొకటి, దయచేసి ఇది తేలిగ్గా తీసుకోకండి. చుట్టుపక్కల గట్ల మీద చేదు ఆనప ఉంటే దాని పుప్పొడి తగిలినా ఈ ఏటి కాయ రుచి మారదు, ఎందుకంటే కండ తల్లిదే, తేడా గింజలోకి వెళ్తుంది, వచ్చే ఏడు ఆ గింజ వేస్తే బయటపడుతుంది. కొత్త తీగ మొదటి కాయ కోసినప్పుడు చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడండి. చేదుగా ఉంటే వెంటనే ఉమ్మేయండి, కూరా వద్దు, జ్యూసూ వద్దు, అది వాంతులూ విరేచనాలతో ప్రాణం మీదకి తెస్తుంది. ఆ తీగని వేర్లతో పీకేసి, దాని గింజ ఎవరికీ ఇవ్వకండి.