అమ్మ ఆ మాట మీకెందుకు చెప్పలేదు?

ప్రశ్న: మాది రాజమండ్రి. మేం ఇద్దరం అక్కచెల్లెళ్ళం, అన్నదమ్ములు లేరు. నాకు నలభై రెండు, చెల్లికి ముప్పై ఒకటి. కిడ్నీలు పాడై మూడేళ్ళు డయాలసిస్ మీద ఉన్న అమ్మ పోయిన కార్తీకంలో చనిపోయింది. వారానికి మూడుసార్లు ఆస్పత్రికి తిప్పింది, పథ్యం వండింది, చివర్లో మంచం మీద అన్నీ చేసింది నేనే. చెల్లి ఐర్లండ్‌లోని గాల్వేలో ఉద్యోగం చేస్తోంది. డబ్బు పంపేది, కాదనను. అమ్మ పోయాక వచ్చి, పన్నెండో రోజు కాగానే వెళ్ళిపోయింది. ఫిబ్రవరిలో నా పుట్టినరోజుకి ఒక ఇంగ్లీషు నవల పంపింది. తల్లి పోయిన ఇద్దరు అక్కచెల్లెళ్ళు వేసవిలో ఓ గ్రీకు దీవికి వెళ్తారు. చిన్నదానికి అక్కడ ఒకతను పరిచయమవుతాడు, పెద్దది ఈత నేర్చుకుంటుంది. కాలక్షేపం పుస్తకమే. కానీ అమ్మ పోయినప్పుడు కూడా రాని ఏడుపు అది చదువుతుంటే వచ్చింది. మావారు నవ్వారు. నెల తిరక్కుండా చెల్లి ఫోన్ చేసి, అక్కడి అబ్బాయిని, స్కూల్ టీచర్ని, పెళ్ళి చేసుకుంటానంది. నన్ను మెత్తబరచడానికే ఆ పుస్తకం పంపిందని అప్పుడర్థమైంది. "అమ్మ బతికుంటే ఈ మాట అనేదానివా?" అన్నాను. "అమ్మకి తెలుసక్కా" అంది. డయాలసిస్ బెడ్ మీద ఉన్నంతసేపూ అమ్మ ఫోన్లో దాంతోనే కబుర్లు చెప్పేది. నిజమో అబద్ధమో నాకు తెలీదు. అప్పట్నుంచి మా మధ్య మాటల్లేవు. సంవత్సరీకం కాకుండా పెళ్ళి మాట ఎత్తవచ్చా? నాన్నకి ఎలా చెప్పాలి? అసలు దీన్ని ఎలా ఆపాలి?
– ఒక అక్క

జవాబు: ఏటిసూతకం సంగతి మీ పురోహితుణ్ణి అడగండి. ఆడపిల్ల పెళ్ళి ఏడాదిలోపే చేసెయ్యాలనే ఇళ్ళూ ఉన్నాయి, ఏడాది దాటాకే అనే ఇళ్ళూ ఉన్నాయి. ఐర్లండ్‌లో రిజిస్టర్ పెళ్ళికి మూడు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. ఇక్కడ 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద చేసుకున్నా 30 రోజుల నోటీసు తప్పదు. కాబట్టి తెల్లారేసరికి ఏదో జరిగిపోతుందని కంగారు పడకండి.

ఇక ఆపడం గురించి. ముప్పై ఒక్కేళ్ళ పిల్ల, పరాయి దేశంలో ఒంటరిగా నిలదొక్కుకుని తల్లి వైద్యానికి డబ్బు పంపిన పిల్ల. ఆ పిల్లని ఆపే హక్కు మీకు లేదు. అడిగే హక్కుంది. అతనెలాంటివాడు, ఇంతకుముందు పెళ్ళయిందా, వాళ్ళ ఇంట్లో వాళ్ళు దీన్ని ఎలా చూస్తున్నారు, ఇవన్నీ అక్క అడగాల్సిన ప్రశ్నలే. అడగండి. అక్కడితో ఊరుకోండి.

మీ ఉత్తరంలో నేను మళ్ళీ మళ్ళీ చదివిన వాక్యం ఒక్కటే. "నిజమో అబద్ధమో నాకు తెలీదు" అన్నారు. మీకు తెలుసమ్మా. నిజమేనని తెలుసు కాబట్టే మాటలు మానేశారు. అబద్ధమనుకుని ఉంటే నాలుగు తిట్టి, రెండో రోజుకి మళ్ళీ ఫోన్ చేసి ఉండేవారు.

ఐరిష్ అబ్బాయి, నవల, సంవత్సరీకం, వీటన్నిటినీ కాసేపు పక్కన పెట్టండి. మూడేళ్ళు మీ చేతి ముద్ద తిన్న తల్లి, ఇంత పెద్ద సంగతి మనసులో పెట్టుకుని, మీకు చెప్పకుండానే వెళ్ళిపోయింది. మీ కోపం ఆవిడ మీద. పోయినవాళ్ళ మీద కోపం పెట్టుకోకూడదని మనకి చిన్నప్పట్నుంచీ నేర్పారు. నెలనెలా మాసికానికి మడి కట్టుకుని వండుతూ, ఆ అమ్మనే నిలదీయాలంటే నోరెలా వస్తుంది? అందుకని ఆ కోపమంతా ఫోన్లో దొరికిన చెల్లి మీద పడింది.

ఆవిడ ఎందుకు చెప్పలేదో నాకు తోచినంత రాస్తాను. మంచం పట్టిన తల్లుల దగ్గర, వాళ్ళని కనిపెట్టుకుని ఉన్న కూతుళ్ళ దగ్గర కూర్చుని విన్న సంగతులే ఇవి. డయాలసిస్ రోగికి తాగే నీళ్ళు కూడా కొలిచి ఇవ్వాలి. ఉప్పు తగ్గించాలి, కొబ్బరినీళ్ళు, అరటిపండు వద్దనాలి. మీ ఇంట్లో ఆ "వద్దు"లన్నీ అన్నది మీరే. ఆవకాయ జాడీ దాచింది మీరే అయ్యుంటారు. అనకపోతే ఆవిడ మూడేళ్ళు బతికేది కాదు. కానీ రోజూ వద్దనే మనిషి దగ్గర రోగికి ఒక జంకు ఏర్పడుతుంది. కన్న కూతురైనా సరే. తనని లేపి, కడిగి, బట్ట మార్చే కూతురి ముందు తల్లి చిన్నపిల్లయిపోతుంది, సిగ్గుపడుతుంది, ఇంకో బరువు పెట్టడానికి వెనకాడుతుంది. "దానికి ఇప్పటికే చాకిరీ ఎక్కువైంది, ఇది కూడా నెత్తిన వేస్తే మొగుడికి చెప్పాలా, నాన్నకి చెప్పాలా అని నలిగిపోతుంది" అనుకుంటుంది.

చిన్నకూతురితో ఆ గొడవ లేదు. ఒక్కో విడత డయాలసిస్ నాలుగు గంటలు. సూది గుచ్చిన చెయ్యి కదపకూడదు, లేవకూడదు. ఆ నాలుగు గంటలూ మీ అమ్మగారు రోగి సంగతి మరిచి మామూలు అమ్మగా ఉన్నది ఆ ఫోన్లోనే. అక్కడ వాన పడుతోందా, ఏం వండుకున్నావు, ఎవరైనా ఉన్నారా నీకు? ఆ కబుర్లలోనే ఆ అబ్బాయి ప్రస్తావన వచ్చి ఉంటుంది. ఆ వేళకి మీరు కారిడార్లో రిపోర్టులు పట్టుకుని నిలబడి ఉంటారు, లేకపోతే పిల్లాడి అన్నం కోసం ఇంటికి పరిగెత్తి ఉంటారు.

అలాగని మీ అమ్మగారు చేసింది సరైన పనేనని నేననను. మీకు చెప్పాల్సింది. మన ఇళ్ళల్లో తల్లులు పెద్దకూతురికి బాధ్యతలు అప్పజెప్తారు, మనసులో మాట చిన్నకూతురికి చెప్పుకుంటారు. ఇది అన్యాయం. పెద్దకూతురికి చేతులే కాదు, చెవులూ మనసూ కూడా ఉంటాయని గుర్తించరు. మీకు కోపం రావడం న్యాయమే. ఆ కోపం అమ్మ మీద అని ఒక్కసారి మీలో మీరు ఒప్పుకోండి. దానివల్ల మీ సేవకి లోటు రాదు, ఆవిడకి అపచారమూ జరగదు.

నవల దగ్గరికి వస్తాను. ఏ పేజీ దగ్గర ఏడ్చారో మీరు రాయలేదు. ప్రేమకథ చిన్నదానిది. పెద్దది నీళ్ళలోకి దిగిన చోటే మీకు ఏడుపొచ్చిందని నా అనుమానం. తేలిక పుస్తకానికి ఏడవడం సిగ్గుపడాల్సిన విషయం కాదు, మీవారు నవ్వాల్సిన విషయం అసలే కాదు. ఆ మాట ఆయనతో చెప్పండి. దుఃఖానికి ఐదు దశలుంటాయని ఎక్కడో చదివే ఉంటారు. 1969లో ఎలిజబెత్ కూబ్లర్-రాస్ అనే మానసిక వైద్యురాలు వాటిని రాసింది చావుకి దగ్గరపడ్డ రోగులతో మాట్లాడాక. మిగిలిపోయినవాళ్ళ దుఃఖం అలా మెట్లెక్కినట్టు సాగదు. 1999లో మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే ఇద్దరు పరిశోధకులు చెప్పింది నాకు ఎక్కువ నిజమనిపిస్తుంది. మనిషి కాసేపు పోయినవాళ్ళ వైపు, కాసేపు బతుకు వైపు, అటూ ఇటూ తిరుగుతూనే కోలుకుంటుందని. మీకు బతుకు వైపు తిరిగే తీరికే దొరకలేదు. ఆస్పత్రి అయ్యాక కర్మకాండ, ఆ తర్వాత మాసికాలు, మధ్యలో నాన్నగారి భోజనం. ఆ పుస్తకం పట్టుకున్న రెండు పూటలూ మిమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు. ఆపుకున్న ఏడుపు అప్పుడొచ్చింది.

మెత్తబరచడానికే పంపిందనుకోండి, తప్పేముంది? కేవలం తన ప్రేమ ఒప్పించడానికైతే ఏ ప్రేమకథైనా సరిపోయేది. అక్క కూడా ఒడ్డు దాటి నీళ్ళలో దిగే కథ వెతికి మరీ పంపింది. ఎదురుగా చెప్పడానికి భయపడే చెల్లెలు ఆమాత్రం చేసింది. పదకొండేళ్ళు చిన్నది, మీ చేత జడ వేయించుకుని పెరిగిన పిల్ల మీకు భయపడుతోందంటే, అమ్మ పోయాక మీరు ఆ పిల్లకి అమ్మ అయిపోయారన్నమాట. ఆ పిల్లకి ఇప్పుడు కావలసింది అక్క.

ముందు ఫోన్ చేయండి. "అమ్మ బతికుంటే" అన్న మాట వెనక్కి తీసుకోండి. పోయిన తల్లిని అడ్డం పెట్టి తోడబుట్టినదాన్ని కొట్టడం నేను ఎవరి విషయంలోనూ సమర్థించను. ఆ తర్వాత అబ్బాయి గురించి కాదు, అమ్మ గురించి అడగండి. "ఆ ఫోన్లలో అమ్మ ఏమేం చెప్పేదో నాకు చెప్పవే" అనండి. మీకు తెలియని అమ్మ ఆ కబుర్లలో ఉంది. అమ్మ చివరి రోజుల గురించి ఆ పిల్లకి మీరు చెప్పండి. అడగడానికి జంకి ఉంటుంది.

అలిసిపోయానని కూడా చెప్పండి, దెప్పిపొడవకుండా. అమ్మకి చేసింది అమ్మ కోసం చేశారు, చెల్లెలి తరఫున కాదు. దానికి ఆ పిల్ల మీకు అప్పు పడలేదు. నాన్నగారి విషయం వేరు. అది ఇద్దరి బాధ్యత. మీరు రెండిళ్ళకీ వండటం ఈ నెలతో ఆపండి. వంటమనిషిని పెట్టి, సగం జీతం చెల్లెల్ని పంపమనండి. డబ్బు అడగడం మీకు నామోషీ అనిపించవచ్చు. అడక్కుండా లోపల లెక్క వేసుకోవడం దానికన్నా హీనం.

పెళ్ళి మాట బయటపడ్డాక బంధువుల్లో ఎవరో ఒకరు ఆస్తి సంగతి ఎత్తుతారు, కాబట్టి ముందే రాస్తున్నాను. అమ్మ పేరున ఇల్లో బంగారమో ఉండి, వీలునామా లేకపోతే, 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం అది నాన్నగారికి, మీ ఇద్దరికి సమానంగా వస్తుంది. ఎవర్ని చేసుకున్నా ఆ పిల్ల వాటా పోదు. ఆ చర్చ మీ గుమ్మంలోకి రానివ్వకండి.

మీరొక్కరే గాల్వే వెళ్ళి రండి. గ్రీకు దీవి జోలికి ఇప్పుడు పోకండి. దానికి షెంగెన్ వీసా కావాలి, ఐర్లండ్ వీసా వేరు, రెండూ పెట్టుకుంటే ఈ వేసవి కాగితాలతోనే గడిచిపోతుంది. జూన్‌లో అక్కడ రాత్రి పదింటిదాకా వెలుగుంటుంది. ఊరి పక్కనే సాల్ట్‌హిల్‌లో సముద్రం, చలికాలంలో కూడా జనం దూకుతూనే ఉంటారు. నీళ్ళు చల్లగా ఉంటాయి, దిగాలంటే దిగండి. చెల్లెలి వంటింట్లో నాలుగు రోజులు కూర్చోండి. ఆ అబ్బాయిని చూడండి, మీ చెల్లితో ఎలా మాట్లాడుతున్నాడో వినండి. అప్పుడు కూడా నచ్చకపోతే ఆ మాట చెల్లెలి మొహం మీదే చెప్పండి.

నాన్నగారికి మీరు చెప్పకండి. ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో కష్టమైన మాటలన్నీ మీ నోటితోనే చెప్పించారు. ఈసారి సంవత్సరీకానికి పది రోజుల ముందే చెల్లెల్ని రమ్మనండి. తన పెళ్ళి సంగతి తండ్రికి తనే చెప్పుకుంటుంది. మీరు పక్కన కూర్చోండి, ఆయన మిమ్మల్ని అడిగితే తప్ప మాట్లాడకండి.