సంతకానికి ముందు సమాధానం

ప్రశ్న: అమ్మా, వందనాలు. మాది గుంటూరు. అమ్మ పోయిన రెండేళ్లకు నాన్న కూడా ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు. నాన్న స్వార్జితంతో కట్టిన ఇల్లు పట్టాభిపురంలో ఉంది. వీలునామా లేదు. మేము అన్నయ్య, నేను ఇద్దరమే. ఇంట్లో నా హక్కు వదులుకుంటున్నట్టు రిజిస్ట్రారాఫీసుకు వచ్చి సంతకం పెట్టమంటున్నాడు అన్నయ్య. వచ్చే నెల మేనకోడలి పెళ్లి, ఆలోపే కావాలట. ‘అబ్రాహాము లోతుకు వదిలేయలేదా?’ అని మా సంఘ పాస్టరు అయ్యగారు కూడా అంటున్నారు. మా ఆయన మిర్చి యార్డులో గుమాస్తా. బాబు ఇంజనీరింగ్ ఫీజు కట్టాలి. సంతకం పెడదామంటే కోపం, వద్దందామంటే భయం. దేవుడు సమాధానం ఇచ్చేదాకా ఆగుదామని ప్రార్థిస్తున్నాను. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది. అన్నయ్యతో మాటల్లేవు, పెళ్లికి వెళ్లబుద్ధి కావడం లేదు. దేవుడు వద్దంటున్నట్టేనా?

జవాబు: వందనాలమ్మా. శాంతికి మన బైబిల్లో ఎక్కువగా కనిపించే మాట ‘సమాధానము’. ప్రశ్నకు జవాబును కూడా మనం సమాధానమనే అంటాం. అందుకేనేమో ప్రార్థనలో ఈ రెండూ కలిసిపోతుంటాయి. మనసు తేలికపడితే దేవుడు సరేనన్నాడని, బరువెక్కితే వద్దన్నాడని అనుకుంటాం. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో తీసిన, బైబిలు వచనం ఉన్న వాగ్దాన కార్డును ఏడాది పొడవునా తిప్పి తిప్పి చదువుకునేదీ చాలాసార్లు ఇలాంటి జవాబు కోసమే.

యోనాను చూడండి. దేవుడు పొమ్మన్న ఊరికి వెళ్లకుండా పారిపోతూ, ఓడ అడుగున గాఢనిద్ర పోయాడు. మన ప్రభువేమో తండ్రి చిత్తానికి తలవంచిన ఆ రాత్రే గెత్సేమనే తోటలో ప్రాణం పోయేంత దుఃఖంలో ఉన్నానని శిష్యులతో అన్నాడు. అందుకని మీ మూడింటి మెలకువను దేవుని మాటగా లెక్కవేసుకోకండి. నాకైతే అది భయమే అనిపిస్తోంది. అమ్మానాన్నలు పోయారు, ఉన్న ఒక్క తోబుట్టువూ దూరమవుతాడేమోనన్న భయం. అది తప్పు కాదమ్మా.

కొలొస్సయులకు రాసిన పత్రిక 3:15లో ‘క్రీస్తు అనుగ్రహించు సమాధానము మీ హృదయములలో ఏలుచుండ నియ్యుడి’ అంటాడు పౌలు. ఆ ‘ఏలు’ అన్నచోట గ్రీకులో ఉన్నది, ఆటల పోటీల్లో తీర్పరి చేసే పనికి వాడే మాట. వాక్యం అక్కడితో ఆగదు, ‘ఇందుకొరకే మీరొక్క శరీరముగా పిలువబడితిరి’ అని సాగుతుంది. రెండు వచనాల ముందు ఒకరినొకరు సహించమని, క్షమించమని ఉంది. అంటే ఇది తలుపేసుకుని కూర్చున్న ఒక్క మనిషి గుండె తేలికపడటం గురించి కాదు. మనిషికీ మనిషికీ మధ్య తగవు వచ్చి, లోపల కోపం ఒకటి, భయం ఇంకొకటి చెబుతున్నప్పుడు, ఎవరి మాట చెల్లాలో తేల్చే సమాధానం అది. మీలో ఇప్పుడు తీర్పు చెబుతున్నది ఎవరు? సంతకం విషయంలో కోపం, పెళ్లి విషయంలో భయం. ఇద్దరినీ ఆ పీట మీంచి దింపండి.

అయ్యగారి మీద గౌరవంతోనే ఒక మాట. ఆదికాండము 13లో భూమిని ముందుగా ఎంచుకునే అవకాశం వదులుకున్నది పెద్దవాడైన అబ్రాహాము, సహోదరుని కొడుకైన లోతు కోసం. అతన్ని ఎవరూ గడువు పెట్టి అడగలేదు. ఆ అధ్యాయం చూపించి చెల్లెలి చేత వదిలించడం నాకు సరిగ్గా అనిపించదు. సంఖ్యాకాండము 27లో సెలోపెహాదు కూతుళ్లు తండ్రి స్వాస్థ్యంలో భాగం అడిగితే, వాళ్లు చెప్పింది యుక్తమేనని దేవుడే మోషేతో అన్నాడు. భాగం అడగడం అవిశ్వాసం కాదు.

చట్టమూ తెలుసుకోండి. మన క్రైస్తవులకు వర్తించేది 1925 నాటి భారతీయ వారసత్వ చట్టం. వీలునామా లేకుండా తండ్రి పోయి, అప్పటికే తల్లి కూడా లేకపోతే ఆస్తి పిల్లలకు సమానంగా వస్తుంది. కొడుకు, కూతురు అనే తేడా లేదు. హక్కు విడుదల దస్తావేజు ఒకసారి రిజిస్టరైందంటే రద్దు చేయించుకోవడం చాలా కష్టం. వకీలుకు చూపించకుండా, పెళ్లి హడావుడిలో సంతకం పెట్టకండి.

చివరికి మీరు వదిలేసినా నేను కాదనను. మీ ఆయనతో మాట్లాడుకుని, ఇష్టపడి ఇస్తే అది అన్నయ్యకు కానుక. భయపడి ఇస్తే మాత్రం రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ప్రభు బల్ల దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ ఆ ఇల్లు గుర్తొస్తుంది. ఇది నాకు తెలుసు. మా ఇంట్లో ఇలాంటిదే వచ్చినప్పుడు సమాధానపడ్డానని నలుగురికీ చెప్పి సంతకం పెట్టేశాను. తర్వాత ఏడేళ్లు మా తోబుట్టువు ఉండే వీధిలోకి వెళ్లకుండా చుట్టు తిరిగి వెళ్లేదాన్ని.

ఈ వారంలోనే మీరే ఫోన్ చేయండి. ముందు వదినకు చేస్తే తేలిక. తర్వాత అన్నయ్యతో, ‘అన్నయ్యా, ఇంటి సంగతి పెళ్లయ్యాక కూర్చుని మాట్లాడుకుందాం, నేను చెప్పాల్సింది కూడా ఉంది. పెళ్లికి మాత్రం ముందే వస్తాను’ అనండి. ఆయన కసురుకోవచ్చు. కసురుకున్నా ఆ మాటే మళ్లీ నెమ్మదిగా చెప్పండి. రాత్రి మెలకువ వచ్చినప్పుడు ఇంటి లెక్కలు వేయకుండా, చిన్నప్పుడు అన్నయ్య మీకోసం చేసినది ఒక్కటి గుర్తు చేసుకుని దాని కోసం దేవునికి స్తోత్రం చెప్పండి. విన్నపాలు కృతజ్ఞతతో తెలియజేయమని పౌలు ఫిలిప్పీయులకు రాసింది చెరసాల బంధకాల్లో ఉండి. ఆ తర్వాతి వచనంలోనే దేవుని సమాధానం హృదయాలకూ తలంపులకూ కావలి ఉంటుందన్నాడు. మొదటి రాత్రికే నిద్ర పడుతుందని చెప్పలేను.

నలుగు రోజుకే వెళ్లండి. అక్కడ మేనత్త చేతికి పని ఉంటుంది. ఆ పిల్ల మిమ్మల్ని ఏ సంతకమూ అడగలేదు.