మిద్దె మీద కట్టేస్తే అది కాపలా కుక్క కాదు

పెంపుడు జంతువులు: పాఠకుల ప్రశ్నలకు పశువైద్యుడి జవాబులు

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది ప్రొద్దుటూరు. మాకు ఏడాదిన్నర లాబ్రడార్ ఉంది. పిల్లగా ఉన్నప్పటి నుంచి ఇంట్లోనే పెరిగింది, మా పాప మంచం పక్కనే పడుకునేది. సంక్రాంతి తర్వాత మా అత్తమ్మ పల్లె నుంచి వచ్చి మా దగ్గరే ఉంటున్నారు. ఆమెకు పూజలు, మడి ఎక్కువ. ఇంట్లో కుక్క తిరిగితే అన్నం సయించదంటారు. దాంతో మా ఆయన మిద్దె మీద రేకుల షెడ్డు వేసి దాన్ని గొలుసుతో కట్టేశారు. రెండు పూటలా అన్నం, నీళ్లు పెడుతున్నాం. అయినా రాత్రంతా ఒకటే ఏడుపు, పక్కింటివాళ్లు గొడవకు వస్తున్నారు. ‘మా పల్లెలో కుక్కలన్నీ బయటే ఉండేవి, చచ్చిపోయినాయా ఏమన్నా’ అంటారు అత్తమ్మ. ఇంటికి కాపలా ఉంటుందిలే అంటారు మా ఆయన. అసలు కుక్క ఇంట్లో ఉండాలా, బయట ఉండాలా?
- ఓ సోదరి, ప్రొద్దుటూరు

జవాబు: అమ్మా, మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం, ముందు దాన్ని ఈ రోజే మిద్దె దింపండి. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర 42, 43 డిగ్రీలు మామూలే, అది నీడలో చూసే లెక్క. మిద్దె మీద సిమెంటున్నా కడప బండలున్నా మధ్యాహ్నానికి పెనంలా కాలుతుంది, పైన రేకు ఇంకాస్త వేడిని కిందికి దింపుతుంది. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, పాదాల అడుగున కాస్త పడుతుంది, అంతే. వేడి దిగాలంటే నాలుక బయటపెట్టి రొప్పాలి, నోట్లో తడి ఆవిరైతేనే దానికి చల్లదనం. గాలి ఆడని రేకుల కింద, గిన్నెలో నీళ్లు కూడా కాగిపోయిన చోట అది ఎంత రొప్పినా లాభం ఉండదు. మామూలుగా కుక్క ఒంటి వేడి 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ దాకా ఉంటుంది. ఎండకు అది 105 దాటిందంటే వడదెబ్బ కిందే లెక్క, చూస్తుండగానే కిడ్నీలు, మెదడు దెబ్బతింటాయి. నా మాట మీద నమ్మకం కుదరకపోతే మీ ఆయనను మధ్యాహ్నం రెండింటికి మిద్దె ఎక్కి, షెడ్డు పక్కన అరచెయ్యి తిరగేసి నేలకు ఆనించి ఏడు లెక్కపెట్టమనండి. ఏడు దాకా ఉంచలేకపోతే అక్కడ కుక్క కాలు కూడా పెట్టకూడదు.

ఇక అత్తమ్మ మాట. దాన్ని కొట్టిపారేయకండి, ఆమె చెప్పింది నిజమే. పల్లెల్లో కుక్కలు బయటే ఉండేవి. అయితే ఎలా ఉండేవో కూడా ఆమెనే అడగండి, నాకన్నా బాగా చెబుతారు. ఎవరూ కట్టేసేవాళ్లు కాదు. ఎండ ఎక్కేసరికి అది నీళ్లతొట్టి పక్కన తడిమట్టిని కాళ్లతో గీరి, గుంట చేసుకుని, పొట్ట ఆ చల్లటి మట్టికి ఆనించి పడుకునేది. లేదంటే బండి కిందికో, వేపచెట్టు కిందికో పోయేది. పొద్దున యజమాని వెంట చేనికి పోయేది, రాత్రి ఆయన మంచం కిందే పడుకునేది. ఎందుకంటే అప్పుడు మనుషులు కూడా బయటే పడుకునేవాళ్లు కదా! ఎండాకాలం ఇంటిల్లిపాదీ వాకిట్లోనో, మిద్దె మీదో పక్కలు వేసుకునేవాళ్లు. ఇప్పుడు మనం తలుపులేసుకుని ఏసీ గదుల్లోకి వెళ్లిపోయి, కుక్కను మాత్రం ‘నువ్వు పాత పద్ధతిలోనే ఉండు’ అంటున్నాం. అందుకే, ఇంట్లోనా బయటా అనేదాని కన్నా మన మధ్య ఉందా, ఒంటరిగా ఉందా అన్నదే నేను ముందు అడుగుతాను. మీ కుక్క రాత్రంతా ఏడుస్తున్నది అందుకే. ఏడాదిన్నరగా పాప ఊపిరి వింటూ పడుకున్న జీవాన్ని తీసుకెళ్లి గొలుసుకు కట్టేస్తే ఏడవక ఏం చేస్తుంది?

కాపలా సంగతి కూడా చెబుతాను. మిద్దె మీద కట్టేసిన కుక్క కాకి వాలినా మొరుగుతుంది, ఆటో పోయినా మొరుగుతుంది, వారం పోతే ఇంట్లో ఎవరూ లేచి చూడరు. ఒకవేళ నిజంగా దొంగే వచ్చినా గొలుసు పొడవు దాటి అది రాలేదు. అదే తలవాకిలి లోపల పడుకున్న కుక్క గేటు చప్పుడుకే చెవులు రిక్కిస్తుంది, ఏది మన వాళ్ల అడుగో ఏది కాదో దానికి తెలుసు. నా ఓటు లోపలి కుక్కకే. మీ ఆయనకు ఇంకో మాట కూడా చెప్పండి, భయపెట్టడానికి కాదు, తెలియడానికి: 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం కుక్కను అదే పనిగా కట్టేసి ఉంచి తిప్పకపోవడం, సరైన నీడ ఇవ్వకపోవడం కూడా నేరమే.

మరి ఇంట్లోకి తెస్తే అత్తమ్మ మాటేం కావాలి? పూజగది, వంటగది గడప దాటనివ్వకండి. లాబ్రడార్‌కు ఇది నేర్పడం కష్టమేమీ కాదు. గడప దగ్గరికి రాగానే మీరు దానికి ఎదురు నిలబడి నోటితో ఒక్క మాట, ‘ఆగు’ అనండి. ఆగి వెనక్కి తగ్గగానే చిన్న ముక్క ఏదైనా పెట్టండి. అరవొద్దు, కొట్టొద్దు. కాకపోతే ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉండాలి. పాప రమ్మని, నాయనమ్మ పొమ్మంటే దానికి ఏమీ పాలుపోదు. మార్చి నుంచి జూన్ దాకా పగలంతా హాల్లోనే ఒక మూల గోనెసంచి వేసి పడుకోబెట్టండి, తడిపి వేస్తే ఇంకా మంచిది. తర్వాత చల్లబడ్డాక పగలు వరండాలో ఉన్నా ఏం కాదు, ఇంట్లో మాటలు వినబడుతూ, వచ్చీ పోయే మనుషులు కనబడుతూ ఉంటే దానికి చాలు. లాబ్రడార్ వెంట్రుకలు రాలుస్తుంది, అది నిజం. అందుకని రోజూ పొద్దున బయటే దువ్వండి, లోపలికి వచ్చేటప్పుడు కాళ్లు తడిగుడ్డతో తుడవండి. ఇంట్లో ఎవరికైనా ఆయాసం, ఎలర్జీ ఉన్నాయని డాక్టరు చెబితే మాత్రం పడకగదిలోకి రానివ్వొద్దు, అప్పుడు వరండాయే దాని చోటు.

బయట ఉంచితే గోమార్ల బాధ ఇంట్లోకి రాదని చాలామంది అనుకుంటారు. కుక్కకు పట్టే గోధుమరంగు గోమారుకు గోడ పగుళ్లు, బండల సందులు, కుక్క పడుకునే షెడ్డు మూలలు అంటే మహా ఇష్టం. రక్తం తాగి ఉబ్బిన ఆడ గోమారు రాలిపడి ఆ సందుల్లో వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. కాబట్టి కుక్కకు మందు వేసి షెడ్డును వదిలేస్తే మళ్లీ మొదటికే వస్తుంది. వారానికి రెండుసార్లు చెవి మడత తిప్పి లోపల చూడండి, కాలి వేళ్ల మధ్య విడదీసి చూడండి, అక్కడే నక్కి ఉంటాయి. కుక్క రెండు రోజులు తిండి మానేసి, పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు పాలిపోయి ఉన్నా, ముక్కు నుంచి రక్తం వచ్చినా ఆలస్యం చేయకుండా రక్తపరీక్ష చేయించండి, అది గోమార్ల జ్వరం కావచ్చు. దయచేసి చేలో కొట్టే పురుగుమందు, కిరోసిన్ మాత్రం కుక్క ఒంటికి పూయకండి. గోమార్లు పోతాయో లేదో గానీ నాకుకుని కుక్క పోతుంది.

పాపతో ఉండే కుక్క కాబట్టి మూడు నెలలకోసారి నులిపురుగుల మందు, ఏడాదికోసారి రేబిస్ టీకా మానొద్దు.

ప్రశ్న: అనంతపురం దగ్గర మాకు చీనీ తోట ఉంది. తోటలో నాటు కుక్క ఉంది, అక్కడే పుట్టి అక్కడే పెరిగింది. ఊళ్లో ఇంటికి తీసుకెళ్లి లోపల పెంచుదామని మా పిల్లలు అంటున్నారు. ఏం చేయమంటారు?
- ఓ రైతు, అనంతపురం జిల్లా

జవాబు: అన్నా, దాన్ని కదిలించొద్దు. చెట్ల నీడ, డ్రిప్పు కింద తడి నేల, పగలంతా మీరు అక్కడే ఉంటారు, దానికి ఇంకేం కావాలి? తీసుకొచ్చి నాలుగు గోడల మధ్య పెడితే దానికి అదే శిక్ష. కానీ తోట కుక్కే కదా అని టీకా మానేయడం ఎక్కువగా చూస్తున్నాను, అది చాలా తప్పు. పిచ్చికుక్కో, అడవి జంతువో కరిచే అవకాశం ఇంట్లో కుక్క కన్నా దీనికే ఎక్కువ. ఏడాదికోసారి రేబిస్ టీకా వేయించండి. ఏ కుక్క కరిచినా, గీరినా ఆ గాయాన్ని పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, పసుపూ సున్నం ఏమీ పెట్టకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లాలని కూలీలకు కూడా చెప్పి ఉంచండి. చుట్టుపక్కల చిరుత తిరుగుతోందని వింటే రాత్రిపూట గొలుసుతో కట్టకండి, తప్పించుకునే దారి కూడా ఉండదు దానికి. తలుపున్న కొట్టంలో పడుకోబెట్టండి. సంగటి, మజ్జిగ పెట్టడం మంచిదే, దాంతో పాటు వారంలో కొన్నిసార్లు గుడ్డు కూడా పెట్టండి. ఉల్లిపాయ వేసిన కూరలు వద్దు, కుక్క రక్తానికి ఉల్లి చెరుపు.

ప్రశ్న: కర్నూలులో మూడో అంతస్తు ఫ్లాటు మాది. హస్కీని కొనాలనుకుంటున్నాను. ఇంట్లోనే, ఏసీలోనే ఉంచుతాను. పర్వాలేదా?
- డిగ్రీ విద్యార్థి, కర్నూలు

జవాబు: వద్దు తమ్ముడూ. సైబీరియా మంచులో బండ్లు లాగడానికి పెంచిన జాతి అది, ఒంటి మీద రెండు పొరల బొచ్చు, రోజూ మైళ్లు పరుగెత్తాలన్న ఆరాటం. కర్నూలు మే నెలలో దాన్ని తిప్పాలంటే తెల్లవారుజామున తప్ప వీలుపడదు, మిగతా రోజంతా ఏసీ ముందు గోడ చూస్తూ కూర్చోవాలి. కరెంటు పోయిన మధ్యాహ్నం టెన్షన్ నీకు, ప్రాణసంకటం దానికి. బొచ్చు గొరిగిస్తే చల్లగా ఉంటుందంటారు కొందరు, అది కూడా నమ్మకు, ఎండ నేరుగా చర్మం మీద పడుతుంది. పగ్ సంగతీ అంతే, ముక్కు అణిగి ఉండడం వల్ల రొప్పడమే సరిగా చేతకాదు దానికి. ఎప్పుడైనా ఏ కుక్కకైనా వడదెబ్బ తగిలితే నీడలోకి తెచ్చి మామూలు నీళ్లు ఒళ్లంతా పోస్తూ ఫ్యాను పెట్టు, ఐస్ నీళ్లు వద్దు, ఒంటి వేడి 103కు దిగాక నీళ్లు ఆపేసి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లు.

కుక్క కావాలన్న ఆశ నిజమైతే మీ వీధిలోనే తల్లి పాలు మరిచిన పిల్ల దొరుకుతుంది. మన ఎండకు తట్టుకునే ఒళ్లు, పెంచే ఖర్చూ తక్కువ. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటి టీకా వేయించి, నాలుగు నెలలు నిండే దాకా డాక్టరు చెప్పిన తేదీల్లో మిగతావి కూడా వేయించు. అవి పూర్తయ్యే దాకా దాన్ని కింద మట్టిలో వదలకు, కుక్కపిల్లలకు వాంతులు, రక్త విరేచనాలు తెచ్చే పార్వో వైరస్ ఆ మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుంది.