పడ్డలన్నీ ఒకేసారి ఎదకు రావాలంటే

పలమనేరు దగ్గర ఆరు జెర్సీ సంకర పడ్డలున్నాయి, ఇంజెక్షన్‌తో అన్నిటినీ ఒకే వారంలో ఎదకు తెప్పించొచ్చా అని అడిగారు. తెప్పించొచ్చు. కానీ మందు కొనకముందే డాక్టరుతో ప్రతి పడ్డకూ చెయ్యి పెట్టి చూపించండి. ఈ ఇంజెక్షన్‌లో ఉండే ప్రోస్టాగ్లాండిన్ అనే మందు చేసేది ఒక్కటే పని: అండం విడుదలయ్యాక అండాశయం మీద ఏర్పడే కార్పస్ లూటియం అనే గడ్డను కరిగించడం. అది లేని పడ్డకు ఎన్నిసార్లు పొడిచినా ఎద రాదు. తెలియకుండా చూడి కట్టిన పడ్డకు వేస్తే ఈసుకుపోతుంది, అంటే గర్భం పోతుంది.

తల్లి ఆవు బరువులో 60 శాతానికి చేరని పడ్డల జోలికి ఇప్పుడే పోవద్దు. నట్టల మందు, రోజూ ఖనిజ లవణ మిశ్రమం ఇచ్చి ఆగండి.

ఎద చక్రం నడుస్తున్న పడ్డలకు నేను సూచించేది రెండు ఇంజెక్షన్ల పద్ధతి. క్లోప్రోస్టినాల్ (ప్రోస్టాగ్లాండిన్ రకం మందు) 500 మైక్రోగ్రాములు (మిల్లీలీటరుకు 250 ఉన్న మందైతే 2 మిల్లీలీటర్లు) కండకు, 14 రోజులకు మళ్లీ అంతే. ఎదకొచ్చి ఐదు రోజులు దాటని పడ్డ మొదటి డోసుకు లొంగదు, అందుకే రెండోది. ఖర్చు తగ్గాలంటే మొదటి డోసుకే ఎదకొచ్చినవాటికి సెమెన్ వేయించి, మిగిలినవాటికే రెండోది వేయించండి.

ఇంజెక్షన్ తర్వాత రెండో రోజు నుంచి ఐదో రోజు దాకా కాపలా ముఖ్యం. మన దగ్గర ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. కట్టేసి ఉంచితే ఒకదాని మీద ఒకటి ఎక్కడం కనపడదు. తెల్లవారుజామున, పొద్దుగూకాక అరగంట చొప్పున దొడ్లో విప్పి వదలండి. మానం నుంచి వేలాడే గాజులాంటి జిగురు తీగలు, అరుపులు, మాటిమాటికీ మూత్రం పోయడం చూడండి. పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున సెమెన్.

కాపలా కుదరదంటే యోనిలో పెట్టే ప్రొజెస్టిరాన్ హార్మోన్ పరికరం మేలు, ఖర్చు మాత్రం ఎక్కువ. పరికరం పెట్టిన రోజే బుసెరెలిన్ (అండం విడుదల చేయించే ఇంజెక్షన్) 10 మైక్రోగ్రాములు. ఐదో రోజు పరికరం తీసి ప్రోస్టాగ్లాండిన్, 24 గంటలకు మరో డోసు. తీసిన 72 గంటలకు బుసెరెలిన్‌తో పాటే సెమెన్. తీసేటప్పుడు తెల్లటి జిగురు కనిపిస్తే కంగారు పడొద్దు. పాడి ఆవులకు వాడే ఓవ్‌సింక్ అనే ఇంజెక్షన్ల పద్ధతి పడ్డల్లో అంతగా పనిచేయదు, మొదటి బుసెరెలిన్‌కు చాలా పడ్డల్లో అండం విడుదల కాదు.

ప్రోస్టాగ్లాండిన్ చర్మం గుండా ఒంట్లోకి పోతుంది. గర్భిణులు, ఉబ్బసం ఉన్నవాళ్లు సీసా ముట్టుకోకూడదు, వేసేవాళ్లకు గ్లవ్స్ తప్పనిసరి.

సెమెన్ వేశాక 18 నుంచి 24 రోజుల మధ్య మళ్లీ గమనించండి. ఎదకు రాకపోయినా రెండు నెలలకు చూడి పరీక్ష చేయించండి.