మోడల్ కారుకు లైట్లు: ఎరుపువి మాత్రమే ఎందుకు వెలుగుతున్నాయి?

మీ మోడల్ కారులో ఎరుపు లైట్లు మాత్రమే వెలుగుతున్నాయని అడిగారు. మీరు 1/24 (అసలు కారులో 24వ వంతు సైజు) మోడల్ కారులో తెలుపు, ఎరుపు ఎల్‌ఈడీలు నాలుగూ పక్కపక్కన (ప్యారలల్‌గా) కలిపి, 9 వోల్టుల బ్యాటరీకి ఒకే రెసిస్టర్ (కరెంటును అదుపు చేసే చిన్న భాగం) పెట్టారు. చిక్కంతా అక్కడే. ఎరుపు ఎల్‌ఈడీకి సుమారు 2 వోల్టులు చాలు, తెలుపుకు 3 దాకా కావాలి. కరెంటంతా ఎరుపు వైపే పోతుంది.

తెలుపువి, అంటే హెడ్‌లైట్లు రెండూ ఒకదాని వెనక ఒకటి సిరీస్‌లో కలపండి. వాటికి 6 వోల్టులు పోగా మిగిలేది 3. 10 మిల్లీఆంప్స్ (0.01 ఆంప్) కరెంటు చాలనుకుంటే, 3ని 0.01తో భాగిస్తే 300 ఓమ్‌ల రెసిస్టర్ కావాలి, అంటే షాపులో దొరికే 330 పెట్టేయండి. ఎరుపు టెయిల్‌లైట్ల జతనూ అలాగే సిరీస్‌లో కలిపి, దానికి విడిగా 560 ఓమ్‌లది. ఎల్‌ఈడీ పొడుగు కాలు ప్లస్ వైపు ఉండాలి. కడపలో పాత టీవీలు బాగుచేసే ఏ షాపులో అడిగినా ఈ రెసిస్టర్లు దొరకొచ్చు.

స్విచ్ ఛాసిస్ (కారు అడుగు చట్రం) కింద పెడితే సరి. బాడీ లోపల మాత్రం నల్ల పెయింట్ వేయడం మరవకండి, లేకపోతే బానెట్టంతా బల్బులా వెలిగి కారు అందం పోతుంది! మన ఎండలకు బ్యాటరీ కారే ప్రమాదముంది కాబట్టి, వాడనప్పుడు తీసి పెట్టండి.