విశాఖ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో: ఢిల్లీ తర్వాత మూడున్నర గంటలేనా?

మీ అమ్మగారి జులై టికెట్టులో ఢిల్లీలో తెల్లవారుజామున 4కి ఎక్కి, అదే రోజు ఉదయం 7:30కి శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగుతారని ఉంది, ఇది మూడున్నర గంటలేనా అని అడిగారు. టికెట్టులో తప్పేమీ లేదండి. ఎక్కే తెల్లవారుజాము 4 మన టైము, దిగే ఉదయం 7:30 అక్కడి టైము.

1. రెండూ మన టైములోకి మార్చండి. జులైలో శాన్‌ఫ్రాన్సిస్కో మనకంటే పన్నెండున్నర గంటలు వెనక. అక్కడ ఉదయం 7:30 అంటే మనకు రాత్రి 8. ప్రయాణం 16 గంటలు.

చాలామంది మరిచిపోయేది ఇదే: నవంబరు మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా తేడా పదమూడున్నర గంటలు. తిరుగు టికెట్టు డిసెంబరులో కాబట్టి ఈ లెక్క దానికి వాడకండి.

2. దూరంతో సరిచూడండి. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో సుమారు 12,400 కి.మీ., అంటే గంటకు 775. జెట్‌కి సబబైన వేగమే.

3. విశాఖ–ఢిల్లీ రెండుంపావు గంటలు, ఢిల్లీలో ఆగే సమయం విడిగా కలపండి. పెద్దావిడ కదా, మందుల వేళలు ఆ మొత్తాన్ని బట్టి డాక్టరుతో రాయించండి.